గొట్టం మీద నెపం

"తీసెయ్ అవి పొయ్యి మీంచి!"

"తీయను."

వంటింట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నెలో గాజు ఊదే గొట్టాలు ఉడుకుతున్నాయి. మనిషి ఛాతీదాకా వచ్చే ఇనప గొట్టాలు గిన్నెలో ఎలా ఇముడుతాయి? ఒక కొస నీళ్లలో మునిగి ఉంది. రెండో కొస గోడకు జారబడి తీరిగ్గా తమాషా చూస్తోంది. పొయ్యి ముందు తోడికోడలు నిలబడింది. ఆరో నెల పొట్ట మీద ఒక చెయ్యి, రెండో చేతిలో పట్టకారు. దగ్గరికొస్తే ఊరుకోనని ఆ పట్టకారే చెబుతోంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్నది ఆరా. ఆ పేరు పెట్టింది మరిది. కాపురానికి వచ్చిన కొత్తలో కొలిమి దగ్గర చేరి ఇదెందుకు, అదెందుకు అని అన్నదమ్ముల ప్రాణం తోడేసిందట. అసలు పేరుతో ఇప్పుడామెను పిలిచేవాళ్లు లేరు.

"సరే, ఉడకబెట్టు. ఏ కొస ఉడకబెడుతున్నావో అది చెప్పు" అంది ఆరా.

"నోరు పెట్టుకునే కొస."

"అది గోడకుంది."

తోడికోడలు గోడవైపు చూసింది. గిన్నెలోకి చూసింది.

"నువ్వు ఉడకబెడుతున్నది రోజూ కొలిమిలో ముంచి గాజు తీసే కొస. అక్కడ ఉడకని పురుగు నీ గిన్నెలో ఉడుకుతుందా?"

అంటూనే ఆరాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. తోడికోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నవ్వు అక్కా, నవ్వు. నీకేం పోయింది? బావగారికి గొంతులో క్యాన్సర్ వచ్చింది ఈ గొట్టంలోంచేనని ఆయన నోటితో ఆయనే చెప్పారు. ఆయన ఊదిన గొట్టమే తర్వాత మా ఆయన నోట్లో పెట్టుకుంటారు. ఆ నోటితోనే ఇంటికొస్తారు. నేను వట్టి మనిషినా? లోపలున్నదానికి ఏమైనా అయితే?"

ఆరా నవ్వు మాయమైపోయింది. మరిది కొన్నాళ్లుగా కొలిమి షెడ్డులో గోనెల మీద పడుకుంటున్న సంగతి ఆమెకు తెలుసు. వేడి బాగుంటుందని చెప్పుకొచ్చాడు. ఎండాకాలంలో కొలిమి పక్కన వేడి బాగుంటుందన్న మనిషిని నమ్మినందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

పెరటి గుమ్మంలోంచి మరిది వచ్చాడు. గిన్నె చూశాడు, భార్యను చూశాడు, ఇద్దరినీ వదిలేసి వదినతో అన్నాడు.

"వదినా, ఇవాళ సాయంత్రం కొలిమి ఆర్పేద్దామనుకుంటున్నా."

"ఆర్పితే మూస పగిలిపోతుంది కదయ్యా."

మూసంటే కరిగిన గాజు నిలవుండే మట్టికుండ. కొలిమి చల్లబడిందా, లోపలి గాజు బిగుసుకుని కుండను చీల్చేస్తుంది. అందుకే మామగారి కాలం నుంచీ ఆ మంట ఆరలేదు.

"పగలనీ. సీసాల ఫ్యాక్టరీలో పని ఉందన్నారు. అక్కడ ఊదేది మిషను. దానికి నోరు లేదు, దాని నోటికి భయపడే పెళ్లామూ లేదు."

"మీ అన్నయ్యతో చెప్పావా?"

"వింటున్నాడుగా."

నిజమే. నడవాలో ఆమె భర్త నీళ్లసీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. రేడియేషన్ పూర్తయింది, గడ్డ కరిగింది. కానీ ఆ రేడియేషన్ గొంతుతోపాటు ఉమ్మిని కూడా ఎండగట్టేసింది. నాలుగు మాటలకు ఒక గుక్క నీళ్లు లేనిదే అయిదో మాట రాదు. ఇప్పుడు గుక్క తాగాడు కూడా. అయినా మాట రాలేదు.

"ఆసుపత్రికి టైమవుతోంది" అన్నాడు చివరికి.

ప్రతిసారీ తోడు వెళ్లేది తమ్ముడే. ఆ తమ్ముడు కదల్లేదు.

"నేనొస్తా పదండి" అంది ఆరా.

"నువ్వెందుకు? అంచులు అరగదీయాల్సిన గాజు పాత్రలు అన్ని పడున్నాయి కదా."

"రేపు అరుగుతాయి."

"ఊరికే చూసి పంపేస్తారే. దానికి ఇద్దరెందుకు?"

ఆరా అతన్ని ఒకసారి పరకాయించి చూసింది. రావద్దని ఇంతలా బతిమాలే మనిషి వెంట వెళ్లకపోతే ఆమె ఆరా ఎందుకవుతుంది? చెప్పులేసుకుంది.

*

ఆ గొట్టం మాట మొదటినుంచీ ఆమెకు మింగుడుపడలేదు.

షెడ్డులో పని పద్ధతి మామగారు పెట్టింది. పెద్దవాడు గొట్టం కొసకు గాజుముద్ద తీసి, తొలి ఊపిరి తనే ఊది, వెంటనే బొటనవేలితో రంధ్రం మూస్తాడు. లోపల చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి చిన్న బుడగ లేస్తుంది. అప్పుడు గొట్టం తమ్ముడి నోటికి వెళ్తుంది. తమ్ముడు ఊదుతుంటే అన్న బల్ల దగ్గర కూచుని తడి చెక్కతో రూపం దిద్దుతాడు. ముద్ద ఒకటే, గొట్టం ఒకటే. నీదొకటి నాదొకటి అంటే ఆ పని సాగదు.

మామగారి కాలంలో అయితే ఒక్క గొట్టం మీద ఎంతమంది నోళ్లు పడేవో లెక్కే లేదు. వాళ్లలో ఒక్కడికీ ఈ జబ్బు రాలేదు. మరి ఈయనకే ఎందుకొచ్చింది? అడిగితే భర్త నీళ్లు తాగేవాడు. అదొక సౌకర్యం దొరికింది ఆయనకు.

ఆసుపత్రిలో డాక్టరు నడివయసు మనిషి. చల్లని చేతులు, నిదానమైన మాట. సన్నని గొట్టంలాంటి కెమెరా ముక్కులోంచి పంపి గొంతు చూసింది. మెడ తడిమింది. "చాలా బాగుంది, శుభ్రంగా ఉంది" అంది.

భర్త లేవబోయాడు. ఆరా లేవలేదు.

"డాక్టరుగారూ, ఒక్క మాట. ఆ గొట్టాలు మార్చేస్తే సరిపోతుందా, కొలిమే మానేయాలా?"

"ఏ గొట్టాలు?"

భర్తకు పొలమారింది.

"గాజు ఊదే గొట్టాలండీ. ఈ జబ్బు వాటివల్లే వచ్చిందన్నారుగా."

డాక్టరు ఆమెను చూసింది, తర్వాత అతన్ని చూసింది. "అలా అని ఎవరన్నారు?" అని అడగబోయి ఆగిపోయినట్టుంది. కుర్చీ అతనివైపు తిప్పుకుంది.

"మీ సంగతి ఈవిడ ఎదురుగా చెప్పొచ్చా? మీరు సరేనంటేనే చెప్తాను."

అతను నీళ్లసీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టేశాడు. తలూపాడు.

"ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిన క్యాన్సరమ్మా. గ్లాసులు, చెంచాలు, మీ గొట్టాలు, వీటివల్ల వచ్చేది కాదు. ఆడా మగా కలిసినప్పుడు ఒకరినుంచి ఒకరికి వచ్చేది. నోటిద్వారా కూడా."

ఆరా చెవులు వేడెక్కాయి. పక్కన భర్త నేల పలకలను లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"ఎవర్నుంచి?"

"అది చెప్పే పరీక్ష లేదు."

"ఈమధ్యేనా?"

"కాకపోవచ్చు. ఇది ఏళ్ల తరబడి ఒంట్లో కిమ్మనకుండా ఉంటుంది. ఇరవై ఏళ్లు, ఇంకా ఎక్కువే ఉండి తర్వాత బయటపడొచ్చు. పెళ్లికి ముందుదైనా కావచ్చు. కాబట్టి దీన్నిబట్టి ఆయన మీకు అన్యాయం చేశారని అనుకోకండి. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకునేదే. ఎక్కువమందికి దానంతటదే పోతుంది."

"అందరికీ పోయేది ఈయనకు ఎందుకు ఉండిపోయింది?"

"అది మాకూ పూర్తిగా తెలీదు."

అంత కష్టంలోనూ ఆరాకు ఆ డాక్టరు నచ్చింది. తెలీదని చెప్పే డాక్టరును ఆమె అంతకుముందు చూడలేదు. మళ్లీ అడిగింది.

"అంటే ఈయనకి ఎవరో ఇచ్చారు. ఈయన నాకిచ్చి ఉంటారా?"

"కావచ్చు. వచ్చి ఎప్పుడో పోయి కూడా ఉండొచ్చు. లేదా మీనుంచే ఆయనకు వచ్చి ఉండొచ్చు."

"నా నుంచా!"

"అవునని కాదు. కాదని చెప్పలేమంటున్నా. మీరు గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? లేదా? వచ్చే సోమవారం రండి, చిన్న పరీక్షే. భయపడాల్సింది లేదు, దూరదూరంగా ఉండాల్సిన పనీ లేదు."

ఆరా దగ్గర ఇంకా ప్రశ్నలున్నాయి. అయితే అన్నిటికంటే పెద్దది ఆ గదిలో అడిగేది కాదు.

*

బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లే దొరికాయి. అంతకన్నా ఇబ్బంది ఇంకోటి లేదు.

"మొదటి రోజే తెలుసా మీకు?"

"ఊఁ."

"మరి గొట్టం మీద ఎందుకు తోశారు?"

అతను ఒక గుక్క తాగాడు. "ఇంటికి రాగానే మరదలు ఎదురొచ్చింది. ఎలా వచ్చింది బావగారూ అంది. ఎదురుగా గోడకు గొట్టం ఆనించి ఉంది. దీనివల్లేనేమో అన్నాను. ఆ ఒక్కమాటతో అయిపోతుందనుకున్నా."

"అయిపోయిందిగా. మీ తమ్ముడి కాపురం అయిపోయింది, సాయంత్రానికి కొలిమీ అయిపోతుంది. ఆ పిల్ల చూడండి, కడుపుతో ఉండి గొట్టాలు ఉడకేస్తోంది."

"ఉడకేస్తుందని నేనేమైనా కలగన్నానా?"

"ఎవరావిడ?"

ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. ముందు సీటాయన ఆసక్తిగా వెనక్కి తిరిగాడు. భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే కిటికీలోంచి బయటికి చూశారు. ముందు సీటాయన కాసేపు ఆశగా ఎదురుచూసి, ఏమీ దొరక్క ముందుకు తిరిగాడు.

"చెప్పండి. నేను రాద్ధాంతం చెయ్యను. నాకు తెలియాలంతే. తెలీకుండా ఉండటం నావల్ల కాదు, మీకు తెలుసుగా."

"ఎవరూ లేరు."

"డాక్టరు అంత చెప్పాక కూడా బుకాయిస్తారేంటి?"

"బుకాయించడం లేదే." అతని గొంతు గీచుకుపోతోంది. "నీకు ముందుగానీ తర్వాతగానీ నేనెవర్నీ ఎరగను."

మొదట ఆరాకు కోపం వచ్చింది. తర్వాత ఆ మాట లోపలికి దిగింది. ఆయన ఎవర్నీ ఎరగకపోతే, ఆయనకు వచ్చింది ఇక ఒక్క చోటునుంచే రావాలి.

ఆ చోటు తనే.

పెళ్లికి ముందు ఆమెకొకడు ఉండేవాడు. రంగుల దుకాణం అతను. గోళ్ల చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. పెళ్లి చేసుకుందామనుకున్నారు, చేసుకోలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ విషం తాగలేదు. అలా తేలిపోయింది. ఈయన ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి కాదనుకుంది. పొద్దుటినుంచి పోలీసులా దొంగను వెతుక్కుంటూ బయల్దేరిన మనిషి ఇప్పుడు తన వాకిట్లోకే వచ్చి నిలబడింది.

"ఇంట్లో ఎవరైనా నన్నంటే పడతాను" అన్నాడతను కిటికీతో. "నిన్నెవరైనా ఒక మాటంటే చూస్తూ ఊరుకోలేను. అందుకే గొట్టం అన్నాను. గొట్టానికి సిగ్గూ శరమూ ఉండవుగా."

అంతే. ఆమె ఏదైనా చెప్తుందేమోనని చూడను కూడా లేదు. కళ్లు మూసుకున్నాడు.

ఆరాకు ఏడుపొచ్చింది, ఉక్రోషం వచ్చింది. ఇంత జరిగినా ఒక్కమాట అడగడేం ఈ మనిషి? అడిగితే చెప్పేది కదా! అడగకుండా మంచివాడైపోతే ఎదుటివాళ్లు ఏం కావాలి? ఆమె తిట్టుకుంటూనే ఉంది. బస్సు మలుపు తిరిగినప్పుడు అతని తల ఆమె భుజం మీద వాలింది. తీసెయ్యలేదు. అంతలోనే పాడు బుద్ధి ఇంకో ప్రశ్న వేసింది: ఇంతకీ ఈయన చెప్పింది నిజమేనా?

*

షెడ్డులో సామాను సగం సర్దేసి ఉంది. మరిది పట్టకార్లు మూటగట్టి, గ్యాసు మీటలు ఉన్న గోడ దగ్గరికి చేరాడు. తోడికోడలు గుమ్మం బయటే కుర్చీ వేసుకుని కూచుంది. కొలిమి మాత్రం ఎవరి గొడవా పట్టకుండా ఎప్పటిలాగే హోరెత్తుతోంది.

"ఒక్కటి చేద్దాంరా" అన్నాడు భర్త. "ఆర్పేదెలాగూ ఆర్పేస్తావు."

తమ్ముడు కాదనలేకపోయాడు. అన్న ఒక గొట్టం తీసుకున్నాడు. పొద్దున ఉడికిన వాటిలోదే. కొలిమిలో ముంచి ముద్ద తీశాడు. ఒక గుక్క నీళ్లు పుక్కిలించి, ఎండిన పెదాలు తడుపుకుని, గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. బొటనవేలితో మూశాడు. ముద్దలో బఠాణీ గింజంత బుడగ లేచింది. అన్న ఊపిరి ఇంకా పోలేదనుకున్నాడేమో, తమ్ముడి ముఖం ఒక్క క్షణం వెలిగింది.

అన్న గొట్టం చాచాడు.

తమ్ముడు గుమ్మంవైపు చూశాడు. గుమ్మంలో పెళ్లాం లేచి నిలబడింది. అతని చెయ్యి ముందుకు రాలేదు.

గాజు ఎవరికోసమూ ఆగదు. తిప్పేవాడు తిప్పడం మరిస్తే కిందికి జారిపోతుంది. అన్న తిప్పుతూనే ఉన్నాడు గానీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం లేదు. ఆరా చూస్తోంది. ఒక్క మాటతో తేలిపోయే గొడవ. ఆ మాటకు తన పరువు ఖర్చవుతుంది, అంతే కదా.

ఆమె వెళ్లి గొట్టం అందుకుని నోట పెట్టుకుంది.

"అక్కా!" అని కేకేసింది తోడికోడలు.

ఇన్నేళ్లుగా ఆ షెడ్డులో ఆమె పని చల్లారిన గాజుతోనే. అంచులు అరగదీయడం, అడుగులు చదును చెయ్యడం. ఊదడం ఇదే మొదలు. బుగ్గలు పగిలిపోతాయనిపించింది. ఎంత ఊదినా గాజు కదల్లేదు, ఉన్నట్టుండి కదిలి ఒక పక్కకు బొడిపెలా ఉబ్బింది. ఊపిరి అందక గొట్టం తీసేసింది.

"ఈ గొట్టంవల్ల నాకేం రాదు. ఎవరికీ ఏం రాదు. డాక్టరు చెప్పింది, నా ఎదురుగానే. ఇది మొగుడూపెళ్లాల మధ్య వచ్చే జబ్బు."



"మరి బావగారికి ఎవర్నుంచి వచ్చినట్టు?" అంది తోడికోడలు. ఆ ప్రశ్న వేసినందుకు ఆమెను తప్పుపట్టలేం. ఆరా అయినా అదే అడిగేది.

భర్త నోరు తెరిచాడు. ఆరా అతనికంటే ముందే అనేసింది.

"నా నుంచి కావచ్చు."

మరిది చేతిలో మూట జారింది. తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆరా ఒళ్లంతా వేడెక్కింది. అది కొలిమి వేడి కాదు.

"అబద్ధం" అన్నాడు భర్త. నీళ్లు తాగకుండానే అన్నాడు. "నా వల్లే. పెళ్లికి ముందు నాకొకావిడ తెలుసు. ఇది నన్ను కాపాడ్డానికి తన మీద వేసుకుంటోంది."

ఆరా తిరిగి అతని ముఖంలోకి చూసింది. అతను గాజువైపు చూస్తున్నాడు.

"గొట్టం తిప్పవే, జారిపోతోంది" అన్నాడు.

"ఇవ్వు వదినా, పాడు చేసేస్తున్నావు" అంటూ మరిది వచ్చి ఆమె చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు. భార్యవైపు చూడలేదు. నోట పెట్టుకుని ఊదాడు. అలవాటైన ఊపిరి ఒక్కటి తగిలేసరికి ఆ బొడిపె ముద్ద బుద్ధిగా సాగింది. అన్న బల్ల మీద కూచుని తడి చెక్క అందుకున్నాడు.

తోడికోడలు గుమ్మం దాటి లోపలికి రాలేదు, అక్కణ్నుంచి పోనూ లేదు.

"ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు" అంది.

"అవును" అంది ఆరా. "గొట్టం మాత్రం కాదు. సోమవారం నాకు పరీక్ష ఉంది. నాతో రా. మా మాట నమ్మకు, ఆ డాక్టర్నే అడుగు. ఎన్నడిగినా విసుక్కోదు."

"ఆలోచిస్తా" అంది తోడికోడలు. కాసేపటికి ఇంట్లోకి పోయి మిగిలిన గొట్టాలు తెచ్చి, షెడ్డు గోడకు ఆనించి పెట్టింది. మరిది గ్యాసు మీటల జోలికి పోలేదు. మూట మాత్రం ఇంకా విప్పలేదు.

ఆ పాత్ర కూజా కాలేదు, గిన్నె కాలేదు. ఒక పక్కకు ఒరిగి, ఎవరి మాటో చాటుగా వింటున్నట్టు తయారైంది. వంకర పోయినవాటిని భర్త ఎప్పుడూ పగలగొట్టి మళ్లీ మూసలో వేసేస్తాడు. దీన్ని మాత్రం గాజును నెమ్మదిగా చల్లార్చే పొయ్యిలో పెట్టి తలుపు వేశాడు.

తమ్ముడూ మరదలూ చెరో దారిన ఇంట్లోకి వెళ్లాక ఆరా బల్ల దగ్గరికొచ్చింది.

"బస్సులో చెప్పింది నిజమా, ఇక్కడ చెప్పింది నిజమా?"

అతను నీళ్లసీసా ఎత్తాడు. ఖాళీగా ఉంది. మూత పెట్టి, పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"చెప్తా. ముందు నువ్వొకటి చెప్పు."

ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి ఆమెను ఏనాడూ ఏదీ అడిగి ఎరగడు.

"ఆ రంగుల దుకాణం అతను ఇప్పుడెక్కడున్నాడు?"

ఈయనకు తెలుసు. ఎప్పట్నుంచి, ఎలా, ఎంత వరకు? అడగడానికి నోరు తెరిచింది ఆరా. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.